పిన్ని నోరు మెదపని చోటు

పోయిన వారం పిన్నిని లిఫ్టు ముందు వదిలి వచ్చాం. చేతిలో గొడుగు, సంచిలో ల్యాప్‌టాప్. ఆమె పైకి వెళ్ళిందా, భయపడి వెనక్కి తిరిగిందా అని వారమంతా బెంగపడ్డవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను: వెళ్ళింది. లిఫ్టు పనిచేయకపోతే మెట్లెక్కి వెళ్ళింది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంటర్నెట్‌లో ఆమెని అందరూ నస పిన్ని అంటారు. పాత సినిమాలు వేసి, సీను నడుస్తుండగానే పక్కన కూర్చున్న పెద్దావిడలా సణుగుతుంది, ఎత్తిపొడుస్తుంది, హీరోకి బుద్ధులు చెబుతుంది. ఆ సణుగుడు వినడానికే జనం వస్తారు. కూతురు వాటిని కత్తిరించి, అతికించి ఛానెల్లో పెడుతుంది. అందుకే ఆ పిల్లకి కత్తెర అనే పేరు ఖాయమైపోయింది. పిన్ని మొహం గానీ అసలు పేరు గానీ చూసేవాళ్ళెవరికీ తెలియదు. ఈమధ్య ఒక పాత సినిమా కంపెనీ వీళ్ళ మీద కాపీరైటు ఫిర్యాదులు పెట్టింది. రెండు నిలబడ్డాయి. ఈ మూడోది కూడా నిలబడితే ఛానెల్ మొత్తం, ఇన్నేళ్ళ పని, ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోతుంది. ఫిర్యాదుకి ఎదురు జవాబు వేసుకోవచ్చు. కానీ అందులో అసలు పేరు, ఇంటి చిరునామా రాసి, కోర్టుకి లాగితే వస్తానని ఒప్పుకోవాలి. ఆ పని చేసేముందు, "ఒకసారి మనిషిని మొహం చూసి మాట్లాడొస్తాను" అని పిన్ని బయల్దేరింది.

కంపెనీ ఆఫీసంటే రెండు గదులూ ఒక వరండా. లోపలి గది తలుపు మూసుకుపోకుండా తుప్పుపట్టిన ఫిల్ము డబ్బా అడ్డం పెట్టారు. పిన్ని చెప్పు దానికి తగలకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దాటింది.

లోపల ఇద్దరున్నారు. బల్ల వెనక చిన్న మేడమ్. ఫిర్యాదు పడిన సినిమా తీసిన పెద్దాయన కూతురు. పెద్దాయన పోయాక ఆ పాత సినిమాలన్నీ ఆవిడ చేతికొచ్చాయి. బల్ల పక్కన లాయరు, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉన్నాడు.

"మీరా ఆ పిన్ని?" అంది చిన్న మేడమ్. "గొంతు విని ఇంకా లావుగా ఉంటారనుకున్నాను."

"గొంతు లావే మేడమ్. మనిషినే దానికి సరిపోలేదు."

లాయరు నవ్వబోయి తుమ్మాడు. చిన్న మేడమ్ నవ్వలేదు.

"చూడండి. మా నాన్నగారు ఆ సినిమా తీసినప్పుడు జనం ఏడ్చారు. హాలు బయట రుమాళ్ళు పిండుకున్నారు. ఇవాళ మీ పుణ్యమా అని అదే సినిమా చూసి పడీపడీ నవ్వుతున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా?"

"పుండు ఉంటేగా మేడమ్ పొడవడానికి. సినిమా గట్టిగానే ఉంది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా నవ్వడానికి నిలబడింది. నిలబడనిదాన్ని ఎవరు వెక్కిరిస్తారు?"

"మాటలకేం లోటు లేదు మీకు."

"ఉన్న ఆస్తి అదొక్కటే."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "మాటలెందుకండీ, వీడియో వేసి చూద్దాం. అభ్యంతరం ఎక్కడో అక్కడే మాట్లాడుకుందాం."

గోడకున్న పెద్ద టీవీలో పిన్ని వీడియో మొదలైంది. తన గొంతు పరాయి గదిలో, పరాయి మనుషుల మధ్య వినబడుతుంటే పిన్ని చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఇంట్లో బీరువాలో దూరి, దుప్పట్ల మధ్య కూర్చుని అన్న మాటలవి. ఎవరి ఎదటా అన్నవి కావు.

తెర మీద హీరో తల్లి పొయ్యి ముందు కూర్చుని కన్నీళ్ళతో గిన్నె కలుపుతోంది. పిన్ని గొంతు: "ఆ గిన్నెలో ఏమీ లేదమ్మా. ఇందాకట్నుంచి గాలి కలుపుతున్నావు. అడుగంటుతుంది చూసుకో."

హీరో చేతికి కట్టుతో వానలో పరిగెత్తాడు. ముందు షాట్లో ఎడమ చెయ్యి, తర్వాతి షాట్లో కుడి చెయ్యి. "ఏ చెయ్యి విరిగిందో నువ్వూ డాక్టరూ ముందు తేల్చుకోండి నాయనా. తర్వాత ప్రేమించుకోవచ్చు."

లాయరు ఈసారి తుమ్ము వంక పెట్టుకునే వీలు లేకుండా నవ్వేశాడు. చిన్న మేడమ్ అతని వంక చూసింది. అతను కాగితాలు సర్దుకున్నాడు.

కిటికీ చువ్వలు పట్టుకుని హీరోయిన్, "నువ్వు లేకపోతే నేను బతకలేను" అంది. లేతగా, తేనె కారుతున్నట్టున్న గొంతు. వెంటనే ఎండు మిరపకాయలాంటి పిన్ని గొంతు: "బతుకుతావే తల్లీ. శుభ్రంగా బతుకుతావు. గ్యాసు అయిపోయిన రోజు కూడా బతుకుతావు."

చిన్న మేడమ్ టీవీ ఆపింది. ఆవిడ చూస్తున్నది తెరని కాదు, పిన్నిని.

"ఆ అమ్మాయి డైలాగు చెప్పినప్పుడల్లా మీ పెదాలు కదులుతున్నాయి. ఎడమ భుజం కూడా ఎగరేస్తున్నారు. సినిమా కంఠతా వచ్చా?"

పిన్ని గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. చెప్పాలనుకుని రాలేదు. చెప్పకుండా వెళ్ళాలనీ అనుకోలేదు.

"నేనే చెప్పాను మేడమ్ ఆ డైలాగులు. ఆ అమ్మాయికి మన భాష రాదు. పెదాలు ఆమెవి, మాట నాది. అప్పట్లో నాకదే పని."



"అయితే..." లాయరు ముక్కు తుడుచుకోవడం మరిచిపోయాడు. "మీ గొంతునే మీరు వెక్కిరించుకుంటున్నారా?"

"గొంతుని కాదు బాబూ. ఆ గొంతు నమ్మినవాటిని."

 చిన్న మేడమ్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. వ్యాపారం చేసేవాళ్ళకి మనసు కరిగిన వెంటనే వెన్ను బిగుసుకుంటుంది.

"గొంతు మీదే కావచ్చు. సినిమా మాది. మీరు ఆ రోజు మాట్లాడి వెళ్ళిపోయారు. మాటలు ఇక్కడే ఉండిపోయాయి."

"నిజమే. మాటలు నావని అడగడానికి రాలేదు. వాటికి జవాబు చెప్పే హక్కు నాకుందని చెప్పడానికొచ్చాను."

"ఒక దారి చెప్తాను వినండి," అన్నాడు లాయరు. "సినిమా సౌండు తీసేయండి. బొమ్మ మాత్రం ఉంచి, పైన మీ సణుగుడు పెట్టుకోండి. అసలు మిమ్మల్ని పట్టించిందే ఆ సౌండు. కంప్యూటరు దాన్ని విని కదా పట్టుకుంది. అది తీసేస్తే మేం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. మీకూ మాకూ గొడవ వదులుతుంది."

పిన్ని తల అడ్డంగా ఊపింది. కూతురు కూడా ఎన్నోసార్లు అదే మాట చెప్పింది. సౌండు తీసెయ్యమ్మా, ఎవరూ పట్టుకోరు అని. ఆ ఒక్క విషయంలో పిన్ని వినలేదు.

"ఆ పిల్ల బతకలేనన్న మాట వినబడితేనే కదా, బతుకుతావే అన్న మాటకి అర్థం? ఎవర్ని ఎత్తిపొడుస్తున్నానో వినబడకుండా ఎత్తిపొడిస్తే దాన్ని ఎత్తిపొడుపు అనరు బాబూ, పిచ్చి అంటారు. గోడతో మాట్లాడుకుంటోందంటారు. మీ చట్టంలోనే ఉందట కదా, విమర్శకీ వెక్కిరింతకీ కావలసినంత వాడుకోవచ్చని. కావలసినంతే వాడాను."

లాయరు చిన్న మేడమ్ వైపు తిరిగాడు. అతను మొహం దాచుకునే రకం కాదు. "ఆవిడ చెప్పింది అబద్ధం కాదు మేడమ్. ఇక్కడిదాకా ఉన్నదాన్ని కోర్టులో కొట్టడం కష్టం. ప్రతి సీనుకీ ఆవిడ మాటొకటి తగులుతోంది. ముక్కలు చిన్నవి. దీన్ని చూసినవాళ్ళు సినిమా చూసేసినట్టు కాదు." అతను రిమోట్ తీసుకున్నాడు. "కానీ చివర్న ఒకటుంది."

 అతను ఏ సీను వేయబోతున్నాడో పిన్నికి తెలుసు.

రైల్వే ప్లాట్‌ఫారం. పెట్టె తలుపు దగ్గర హీరో. కింద హీరోయిన్. "నువ్వు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాను" అంటున్నాడతను. లోతైన, కొంచెం బొంగురు కలిసిన గొంతు. "ఎదురుచూస్తాను, ఎన్నాళ్ళైనా" అంటోంది ఆమె. రైలు కదిలింది. అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె పరిగెడుతోంది. కూత. పొగ. ఖాళీ పట్టాలు.

ఆ సీను మొదటినుంచి చివరిదాకా నడిచింది. ఎక్కడా పిన్ని సణుగుడు లేదు. ఒక దగ్గు కూడా లేదు.

"ఇక్కడ మీ మాట ఏదండీ?" అన్నాడు లాయరు. మెత్తగానే అన్నాడు. "సినిమా అంతా నోరు ఆగని మనిషి, ఈ సీనుకి నోరు కట్టేసుకున్నారు. మాట లేనప్పుడు ఇది విమర్శా కాదు, వెక్కిరింతా కాదు. మా సినిమాని మీ ఛానెల్లో వేసుకున్నారు. అంతే."

పిన్ని తెర మీది ఖాళీ పట్టాలకేసే చూస్తోంది. 

"ఎందుకు వదిలేశారు?" అని అడిగింది చిన్న మేడమ్.

"మనసొప్పలేదు."

చిన్న మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. "నాన్నగారు మంచాన పడ్డాక కూడా ఆ ఒక్క సీనే వేయించుకుని చూసేవారు. చూసి కళ్ళు తుడుచుకునేవారు. ఎందుకు నాన్నా అంటే చెప్పేవారు కాదు. మీ వీడియో మొత్తంలో నా మనసు నొప్పించనిది ఆ సీనొక్కటే పిన్నిగారూ. చూడండి నా ఖర్మ, మిమ్మల్ని కోర్టుకి లాగడానికి నాకు దొరికింది కూడా అదొక్కటే."

 

ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతులో తడి లేదు.

"సరే. మా నాన్న సినిమా మొత్తాన్ని నవ్వులపాలు చేశారు. దీన్నీ చేయండి. ఆ సీను మీద కూడా మాట్లాడండి. నవ్వించండి. రేపు సాయంత్రంలోగా నాకు పంపిస్తే ఫిర్యాదు నేనే వెనక్కి తీసుకుంటాను. చేతకాలేదా, వీడియో తీసేయండి. రెండూ కాదంటే కోర్టులో కలుద్దాం."

పిన్ని లేచింది. డబ్బాని దాటి, గుమ్మం అవతల నిలబడి అంది:

"చేతకాకపోవడమేముంది మేడమ్. ఇన్నాళ్ళూ చెయ్యాల్సిన అవసరం రాలేదు."

అన్నదే గానీ, మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టు మీదా ఆగింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం. పైఅంతస్తులో నీళ్ళ మోటారు ఆగాక గానీ వీళ్ళింట్లో రికార్డింగు మొదలవదు. బీరువాలో బట్టలన్నీ తీసి మంచం మీద పోశారు. లోపల మూడు వైపులా దుప్పట్లు వేలాడదీసి, చిన్న పీట వేసి, మైకు పెట్టింది కత్తెర. చెక్క బీరువా అడుగున నాఫ్తలీను వాసన ఇంకా పోలేదు.

"అమ్మా, ఇంకా ఆలోచిస్తున్నావా? వీడియో తీసేద్దాం. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టే అనుకుందాం. ఛానెల్ అయినా మిగులుతుంది," అంది.

"ఇవాళ ఇది తీసేస్తే రేపు ఇంకోటి తీసెయ్యమంటారు. భుజం ఇస్తే బరువు పెడుతూనే ఉంటారు."

"పోనీ ఆ సీను మీద ఒక రెండు జోకులేసి పడెయ్. నీకు కష్టమా? గుడ్డివాడు గోడ గుద్దుకున్నా నాలుగు మాటలంటావు. ఆ హీరోగాడి మీద అనలేవా?"

"వాడు వీడు అనకు."

కత్తెర వైర్లు చుడుతున్నది ఆగింది. "ఏంటి?"

పిన్ని మంచం మీది బట్టలు పక్కకి జరిపి కూర్చుంది. ఒక దిండు గలీబు తీసి మడతపెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. కూతురికి ఈ మాట చెప్పాలని ఎన్నిసార్లు అనుకుందో. ప్రతిసారీ అన్నం పళ్ళెమో, ఫోనో, నిద్రో అడ్డొచ్చింది. చెప్పదలుచుకోని మనిషికి అన్నీ అడ్డే.

"ఆ హీరో గొంతు మీ నాన్నది."

కత్తెర నవ్వింది. తల్లి నవ్వకపోయేసరికి ఆపింది.

"తెర మీద మనిషి వేరు. గొంతు మీ నాన్నది. మేమిద్దరం ఒకే మైకు ముందు నిలబడి చెప్పేవాళ్ళం. సీనుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా చక్రంలా తిప్పి తిప్పి వేసేవారు. పెదాలకి మాట కుదిరేదాకా అదే ముక్క. నా వంతు రాగానే ఆయన నా ఎడమ భుజం మీద ఇలా తట్టేవాడు. నేనెప్పుడూ తెర చూసుకునేదాన్ని కాదు. ఆ చెయ్యి చాలు."

"అందుకా?" కత్తెర గొంతు సన్నబడింది. "అందుకా మాట్లాడేముందు భుజం ఎగరేస్తావు? మెడనొప్పి అని మందు కూడా రాశాను కదే నీకు!"

"రాస్తే హాయిగానే ఉండేది."

"అమ్మా, జోకులు వద్దు. ఇన్నేళ్ళు... నేను ఆ గొంతుని ఎన్నిసార్లు కత్తిరించాను! తగ్గించాను, పెంచాను, 'వీడి సోది ఎక్కువైంది' అని తీసిపారేశాను. నువ్వు పక్కనే కూర్చుని చూశావు. ఒక్క మాట చెప్పలేదు."

"ఇంకాస్త పెంచమని చెప్పాను కదా. ప్రతిసారీ చెప్పాను."

కత్తెర కుర్చీని అటు తిప్పుకుంది. వీపు మాత్రం కనబడుతోంది. పిన్ని ఆ వీపుకే మిగతాది చెప్పింది.

"ఆ రైలు సీను మా ఆఖరి సీను. నువ్వప్పటికి పాకుతున్నావు. వరండాలో ఆయాతో ఉంచితే గుక్కపట్టావు. నా మాటలు అయిపోయాయి, ఆయనవి ఇంకా మిగిలాయి. వెళ్ళు, నేను చూసుకుంటాను అన్నాడు. బయటికొచ్చి నిన్నెత్తుకున్నాను. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అది వెలుగుతుంటే లోపలికి వెళ్ళకూడదు. చాలాసేపటికి ఆరింది. ఆయన బయటికొచ్చి నీ తల మీద చెయ్యేసి, పదండి అన్నాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. తెల్లారి లేచేసరికి మనిషి లేడు. ఇంకేమీ లేదు చెప్పడానికి. దెబ్బలాడుకుని వెళ్ళినా బావుండేది. ఆ మాటలైనా మిగిలేవి."

"నాకు మనల్ని వద్దనుకుని పోయాడని చెప్పావు."

"మరి ఇంకేమని చెప్పను? నాకు తెలిసింది అంతే."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది మూడు నాలుగుసార్లు గురగురమని ఆగిపోయింది.

"నేను లేని చోట ఆయన చెప్పిన మాటలవి," అంది పిన్ని. "వాటి మీద మాట్లాడితే వినబడవని ఊరుకున్నాను. ఒక్కదాన్నే వింటే బాగోదనిపించి నలుగురితో కలిసి విన్నాను. అదీ నేను చేసిన నేరం."

కత్తెర ఇటు తిరిగింది. ముక్కు ఎర్రగా ఉంది. "అయితే వీడియో తీసేద్దాం. దాచుకుందాం. నాన్న మీద జోకులెయ్యొద్దమ్మా. నీవల్ల కాదు."

ఆ 'నీవల్ల కాదు' అన్న మాట దగ్గర పిన్ని లేచి నిలబడింది. నిన్న చిన్న మేడమ్ చేతకాదా అంది. ఇవాళ కన్న కూతురు అంటోంది. గలీబుని మంచం మీదకి విసిరింది.

"దాచుకుని దాచుకుని ఏం మూటగట్టుకున్నాను? ఆయన వెళ్ళేటప్పుడు నేను ఒక్క మాట అనలేకపోయాను. ఇవాళ పంచాయితీ పెట్టి మరీ అనమంటున్నారు. ఎందుకు వదులుతాను? ముందు ఆ ఎదురు జవాబు తెరువు. పేరు రాయి. చిరునామా రాయి. కింద ఒప్పుకుంటున్నాను అన్నచోట టిక్కు నేనే పెడతాను. పంపడం మాత్రం రికార్డింగు అయ్యాక."

"మేడమ్ ఫిర్యాదు తీసేస్తానంది కదా. ఇదెందుకు?"

"ఆవిడ దయ తలిచినా తలచకపోయినా నా మాట నాదేనని ఎక్కడో ఒకచోట నా పేరుతో ఉండాలి. అన్నేళ్ళు మాట్లాడాను. ఒక్క సినిమాలోనైనా తెర మీద నా పేరు వేశారేమో చూడు."

పిన్ని టిక్కు పెట్టి బీరువాలో దూరింది. పీట మీద కూర్చుని, తలుపు తనే దగ్గరికి లాక్కుంది. ఒళ్ళో చిన్న తెర. చెవుల్లో హెడ్‌ఫోన్సు. బయట కత్తెర సీను మొదలుపెట్టింది.

"నువ్వు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాను," అన్నాడు హీరో, ఆయన గొంతుతో.

పిన్ని ఎడమ భుజం ఎగిరింది. చెయ్యి లేదు. మాట మాత్రం వచ్చింది.

"వెతకడం దేనికి నాయనా? ఇల్లు మారలేదు. అదే వీధి, అవే మెట్లు. కాలింగు బెల్లు ఒక్కటే మార్చాం. అదీ మోగదు. తలుపు కొట్టాలి."

బయటినుంచి కూతురు ముక్కు ఎగపీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఒక చిన్న నవ్వు, ఆపుకోబోయి తప్పించుకున్నది.

"ఎదురుచూస్తాను, ఎన్నాళ్ళైనా," అంది లేత గొంతు.

"అలా హద్దూ పద్దూ లేకుండా మాటివ్వకే పిల్లా. పాలవాడికైనా గడువు పెడతాం. కొంచెం చూస్తాను, రాకపోతే అన్నం తినేసి పడుకుంటాను అను. నువ్వు ఎలాగూ తింటావు. చెప్పేదేదో ముందే చెప్పు."

రైలు కదిలింది. హీరోయిన్ పరిగెత్తింది.

"రుమాలు ఊపకు, జారిపోతుంది. నీకే పనికొస్తుంది తర్వాత. అరె, ఆ కిటికీలో చెట్లు చూడండి, అవి ఎటు పోతున్నాయి? రైలు వెనక్కి పోతోంది! ముందుకు పోతున్నాననుకుంటున్నాడు పాపం. ఎవరో ఒకరు చెప్పండమ్మా ఆ అబ్బాయికి."

ఆమె గొంతు వణికింది. కానీ ఆగలేదు. వణుకుతున్న గొంతుతో వేసిన జోకు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో పిన్నికి మొదటిసారి తెలిసింది. ఏడుపుకి ఒక్క అడుగు ఇవతల నిలబడి ఉంటుంది, పడదు.

ఆ తర్వాత కూత. పొగ. ఖాళీ పట్టాలు. ఇక్కడ చెప్పాల్సిన ఆఖరి మాట ఆమె రాత్రే అనుకుని పెట్టుకుంది. ఊపిరి తీసుకునేంతలో బీరువా తలుపు మీద టకటకా కొట్టింది కత్తెర.

"అమ్మా, ఒక్క నిమిషం బయటికి రా."

"మధ్యలో ఏంటే?"

"నీ ఆఖరి మాట వినబడాలని రైలు కూత తగ్గిద్దామనుకున్నాను. మాటనీ చప్పుళ్ళనీ విడదీసే సాఫ్ట్‌వేరు కొత్తగా వేసుకున్నాం కదా, దానితో కూత మొత్తం తీసేశాను." కత్తెర గొంతు వింతగా ఉంది. "కూత కింద మాటలున్నాయమ్మా. తెర మీద హీరో లేడు, ఖాళీ పట్టాలే. నాన్న మాట్లాడుతున్నాడు. సినిమాలో మాటలు కావవి. డైలాగు అయిపోయాక కూడా మైకు తెరిచే ఉన్నట్టుంది. ఎవరితోనో..."

బీరువా తలుపు తెరుచుకోలేదు.

"అమ్మా? వింటున్నావా?"

"వింటున్నాను." పిన్ని గొంతు లోపలినుంచి నెమ్మదిగా వచ్చింది. "ముందు నా మాట పూర్తి కానీ. ఆ రోజు ఆయన మాట పూర్తయ్యేదాకా నేను బయట నిలబడ్డాను. ఇవాళ ఆయన ఆగుతాడు. వెనక్కి తిప్పి వెయ్యి."

కత్తెర వేసింది. కూత, పొగ, ఖాళీ పట్టాలు. వాటి మీద పిన్ని అంది:

"సరే, వెళ్ళిరా. దీపం ఆర్పేస్తున్నాను."

తలుపు తోసుకుని బయటికొచ్చింది. జుట్టుకి దుప్పటి నూలు అంటుకుని ఉంది. ఎదురు జవాబు కింద ఉన్న పంపు అన్న మీట తనే నొక్కింది. అప్పుడు చెయ్యి చాపింది. కూతురు హెడ్‌ఫోన్సు ఇచ్చింది.

ముందు ఏమీ లేదు. గాలిలాంటి చప్పుడు. ఆ తర్వాత చాలా దగ్గరగా, పక్కన నిలబడి మాట్లాడినంత దగ్గరగా, ఆయన. ఎదుటి మనిషి మాట వినబడటం లేదు. అద్దం అవతల కూర్చున్నవాళ్ళకి మైకులోంచి జవాబు చెప్పినట్టుంది.

"సరే సార్." కొంచెం ఆగి, "రేపు తెల్లారేలోపే వెళ్ళిపోతాను." ఇంకొంచెం ఆగి, "వద్దు సార్, ఆమెకి చెప్పకండి. మీరే పొమ్మన్నారని తెలిస్తే ఆమె ఇక్కడ మళ్ళీ మాట్లాడదు. ఆమెకి ఈ పని ఉండాలి."

పిన్ని చేత్తో కుర్చీ కోసం తడుముకుంది. కత్తెర దాన్ని జరిపింది. ఆ రికార్డింగు గదిలో, అద్దం అవతల, ఆ రోజు 'సార్' అని పిలిపించుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. సినిమా తీసిన పెద్దాయన. మంచాన పడ్డాక కూడా ఆ సీను వేయించుకుని కళ్ళు తుడుచుకున్న మనిషి.

బల్ల మీద ఫోన్ మోగింది. కత్తెర చూసి, మాట్లాడకుండా తల్లి వైపు తిప్పింది. పిన్ని ఎత్తింది.

"ఏం పిన్నిగారూ," అంది చిన్న మేడమ్. "అయిందా? నవ్వించగలిగారా?"

"అయింది మేడమ్. నవ్వించాను. మీకు పంపించేస్తుంది మా అమ్మాయి." పిన్ని కుర్చీ వీపు పట్టుకుని నిటారుగా నిలబడింది. "రేపు పొద్దున నేనే వస్తున్నాను. మీ లాయరుని కూడా ఉండమనండి. ఆ సీను మళ్ళీ వేసుకుందాం. ఈసారి సౌండు నేను తెస్తాను."

"ఇంకా ఏముంది అందులో?"

"మీ నాన్నగారు ఎందుకు కళ్ళు తుడుచుకునేవారో మీకు చెప్పలేదన్నారు కదా. అది ఉంది. నిన్న నేను చూసినట్టే చూడాలి మేడమ్ మీరు. మధ్యలో నోరు మెదపకుండా."